హిట్లర్ సారు

ఆంథోని ఆ ఉదయం కూడా పత్రిక చదివి, చదివినదాన్ని ఎవరికైనా చెప్పాలని కూర్చున్నాడు. భద్రాచలంలో ఒక బడిలో చాలా ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనవాడు. వినేవాళ్లు లేకపోవడం జ్వరంలాంటిదని, సాయంత్రానికి ఇంకా పెరుగుతుందని ఈ మధ్యే తెలుస్తోంది.

వాకిట్లో కొడుకు జోజి బకెట్లో సున్నం కలుపుతున్నాడు. చర్చి మెట్ల మీద అందరూ వింటుండగా ఆంథోని "నా ఇంట్లో ఒక నాజీ పెరిగిండు" అన్న ఆదివారం నుంచి, తండ్రీకొడుకుల మధ్య మాటలన్నీ తల్లి ఆరోగ్యమ్మ ద్వారానే నడుస్తున్నాయి.

జోజి కిందటేడు ఒక యువజన దండులో చేరాడు. అవతలి రాష్ట్రంలో గొడవలు పడలేక పారిపోయి వచ్చిన కుటుంబాలు చర్ల రోడ్డు పక్క అడవిలో గుడిసెలు వేసుకున్నాయి. వాళ్లను వెళ్లగొట్టాలని దండు పట్టుబట్టింది. ఈరోజు ఆ గుడిసెల మీద సున్నంతో గుర్తులు పెడతారు. రేపు గుర్తున్నవాటిని పీకేస్తారు.

"అమ్మా, ఆయనకు చెప్పు. ఇంక నేను ఇంటికి రాను. ఖమ్మంల దండు రూములనే ఉంట."

"నువ్వే చెప్పుకో. నేనేమన్న పోస్ట్‌మేన్‌నా?" వంటింట్లోంచి అంది ఆరోగ్యమ్మ.

ఆంథోని పత్రిక దించాడు. "జోజీ, జర్మనీల కూడ మొదలు దుకాణాల మీద గుర్తులే పెట్టిన్రు. తర్వాత..."

"వచ్చిండు హిట్లర్! ఇంకా రాలేదేందా అనుకుంటున్న."

"నవ్వకు."

"నవ్వక ఏం చెయ్యాలె? కరెంటు పోతే లైన్‌మేన్ హిట్లర్. బస్సు ఆపకపోతే డ్రైవర్ హిట్లర్. కూరల ఉప్పెక్కువైతే అమ్మ హిట్లర్. బడి పిల్లలు నిన్ను హిట్లర్ సారు అంటరు, ఎరుకేనా? ఇప్పుడు నేను నాజీ. నేనెవర్ని చంపిన నాన్నా?"

"ఉప్పు సంగతి నేనింకా మర్చిపోలే," అంది ఆరోగ్యమ్మ.

జర్మనీ గురించి ఆంథోని చెప్పింది అబద్ధం కాదు. కానీ హిట్లర్ అన్న మాటను ఉప్పుకీ బస్సుకీ వాడి అరగదీసింది తనే. నిజంగా అవసరమైన రోజున అది నవ్వు తప్ప ఇంకేమీ తేలేదు. ఇంకొకటి కూడా గుర్తొచ్చి భయపడ్డాడు. చర్చి మెట్ల మీద అందరూ తనవైపు తిరిగి విన్న ఆ క్షణంలో, కొడుకు ముఖం నల్లబడుతుండగానే, తనకు లోపలెక్కడో సంతోషం కలిగింది.

"జర్మనీ వదిలెయ్. ఆ గుడిసెలల్ల ఎవరున్నరు?" అడిగాడు ఆంథోని.

"ఎవరేంది? అవతలోళ్లు."

"పేర్లు?"

జోజి కర్రతో సున్నం తిప్పుతూనే ఉన్నాడు. "జమ్లి అని ఒకామె ఉంటది. పుట్టగొడుగులు అమ్ముతది."

ఆరోగ్యమ్మ గడపలోకి వచ్చింది. "నాకు మలేరియా వచ్చినప్పుడు దవాఖానాల పక్క మంచం ఆమెదే. ఒళ్లో బిడ్డనేసుకొని నా నోట్ల నీళ్లు పోసింది. మీరిద్దరు బయట కొట్లాడుకుంటుంటిరి."

"ఆ బిడ్డ పేరేంది?" అడిగాడు ఆంథోని.

"నాకు తెల్వదు." జోజి తలెత్తాడు. "నీకు తెలుసా?"

ఆంథోని రోజూ వాళ్ల గురించి చదువుతాడు. అందరితో వాదిస్తాడు. ఒక్కసారి కూడా అటు వెళ్లలేదు.

"నాకూ తెల్వదు," అన్నాడు ఆంథోని. "చర్చి కాడ అందరి ముందల నిన్ను నాజీ అన్న. గుర్తు పెట్టుడంటే అదే గద బిడ్డా. నేను నీ మీద పెట్టిన."

జోజి చేతిలో కర్ర ఆగింది.

వీధిలో మోటార్ సైకిల్ హారన్ మోగింది. దండు వాళ్లు. "జోజీ! బకెట్ తీసుకొని జల్దీ రారా!"

"నేను రాను. మీరు కూడ పోకుండ్రి."

"ఏందిరా, హిట్లర్ సారు ఆపిండా?"

"అవ్. మా నాన్న ఆపిండు."

వాళ్లు నవ్వుకున్నారు. "మేమైతే పోతం. సున్నం వేరే దొరుకుతది," అని బండిని బజారు వైపు తిప్పారు.

జోజి స్కూటర్ బయటికి తోశాడు. "వాళ్లకంటే ముందు పోయి గుడిసెలోళ్లకు చెప్పాలె నాన్నా. చెప్పులేసుకో. దారిల జర్మనీ ముచ్చట తీస్తే మాత్రం దించేస్త."

"తియ్యను."

స్కూటర్ కదిలాక ఆంథోని చెయ్యి చాలాసేపు గాలిలోనే ఉండి, చివరికి కొడుకు భుజం మీద వాలింది. జోజి దాన్ని దులపలేదు.

"ఆ బిడ్డ పేరు కనుక్కొని రాండ్రి!" వెనకనుంచి అరిచింది ఆరోగ్యమ్మ.