మందు పూయని మొదలు

ఆదివారం పూట కాళ్ళు బారచాపుకుని పడుకోవలసిన మనుషులు, పనిగట్టుకుని మరీ ముళ్ళపొదల్లో దూరి ఒళ్ళంతా గీరించుకుంటారంటే వాళ్ళను ఏమనాలి? పనీపాటా లేని వాళ్ళనాలి. పిన్ని అదే అనేది, అదీ తన అక్క మొహం మీదే. "ఇంట్లో చీపురు ముట్టుకోవు గానీ అడవి ఊడవడానికి మాత్రం తెల్లారేసరికి తయారవుతావే తల్లీ" అని దెప్పేది. అక్క నవ్వేసి, చేతి రంపం సంచిలో పడేసుకుని, పసుపు రెయిన్‌కోటు తగిలించుకుని వెళ్ళిపోయేది.

ఇప్పుడు ఆ అక్క లేదు. ఆమె పోయి ఏడాది దాటింది. అదే రంపం సంచి భుజాన వేసుకుని, అక్క కూతురిని వెంటబెట్టుకుని, పిన్ని అదే అడవికి వచ్చి నిలబడింది. నోటితో తిట్టిన పనే చేతికి చుట్టుకోవడమంటే ఇదే.

అడవి అంటే మరీ కీకారణ్యమేం కాదు. బస్సులు వెనక్కి తిరిగే చోటు దాటాక పాత చెట్ల గుంపు, దాన్ని ఆనుకుని కొంత గడ్డి నేల. ఎప్పుడో ఎవరో మహానుభావుడు తన తోటకు కంచెగా ఉంటుందని పరాయి ముళ్ళపొద ఒకటి తెచ్చి నాటాడు. కంచే చేను మేసింది. తోట పోయింది, దాని యజమాని పోయాడు, పొద మాత్రం అడవినంతా కమ్మేసింది. దాని నీడన గడ్డిపోచ మొలవదు, పిట్ట వాలదు. నెలకో ఆదివారం ఓ పదిమంది పోగై దాన్ని నరికి, పాత గడ్డి విత్తనాలు చల్లి వెళుతుంటారు. వాళ్ళను నడిపించేది ఒక లెక్కల మాస్టారు. రిటైరైనా బెత్తం మానలేదు, కాకపోతే ఇప్పుడు ఆ బెత్తంతో పొదలను కొడుతుంటాడు.

"కొయ్యడం సగం పనే" అన్నాడు మాస్టారు, చిన్న సీసా, బ్రష్షు పిల్ల చేతికిస్తూ. "కోసిన మొదలు మీద వెంటనే ఈ మందు పూయాలి. నీలం రంగు కలిపాం, ఎక్కడ పూశామో ఎక్కడ మరిచామో కనపడడానికి. పూయకుండా వదిలారా, దానికి పౌరుషం వస్తుంది. ఒక్క కాండం పోయి అరడజను లేస్తాయి. అందుకే జంటగా వెళ్ళాలి, ఒకరు కోస్తే ఒకరు పూయాలి."

పిల్ల తలూపింది. అంతకు మించి దాని నుంచి ఏదీ రాదు. ఒకప్పుడు పొద్దున లేచింది మొదలు కిచకిచమంటూ చెవులు తినేసేది కాబట్టే వాళ్ళమ్మ దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. అమ్మ పోయిన రోజు నుంచి ఆ పిచ్చుక నోరు మూతపడింది. ఏడవనైనా ఏడవలేదు. అవును, కాదు, ఆకలి లేదు... మూడే మాటలు. పిన్ని బట్టలు కుట్టే మనిషి, మిషన్ ఆడినంతసేపూ నోరూ ఆడాలి ఆమెకు. అలాంటిది ఆ పిల్ల మౌనం ఇంట్లో రాయిలా కూర్చుంటే భరించలేకపోయేది. ఆసుపత్రిలో చల్లబడిన అక్క చెయ్యి పట్టుకుని "దీన్ని నా కడుపున పుట్టినట్టే చూసుకుంటానే" అని మాట ఇచ్చింది. చూసుకోవడమంటే అన్నం పెట్టడమేనా? పిల్లను మళ్ళీ మాట్లాడే పిల్లగా తిరిగి తెచ్చుకోవాలి. అదెలాగో తెలియక సతమతమవుతుంటే, పోయిన వారం పిల్లే నోరు విప్పింది.

"అమ్మ కోసిన పొద దగ్గరికి తీసుకెళ్తావా పిన్నీ?"

కాదని ఎలా అంటుంది? వాళ్ళమ్మ మొదలుపెట్టిన పని పూర్తి చేస్తే పిల్ల మనసు కుదుటపడుతుందని ఆశపడింది.

బయలుదేరేముందు మాస్టారు పిన్నిని పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు. "ఆ రోజు మీ అక్క కోస్తుంటే మందు పూసేవాణ్ణి నేనే అమ్మా. సీసా అయిపోయింది. నింపుకొస్తానని వ్యాన్ దాకా వచ్చాను. ఇంతలో వాన పట్టుకుంది. రంపం జారి తొడ మీద పడిందట. నేను తిరిగి వెళ్ళేసరికి ఆ మొదలుకే ఆనుకుని కూర్చుని ఉంది. నెత్తురంతా దాని మీదే..." ఆగాడు. "ఆ మొదలుకు ఈ రోజుకీ మందు పూయలేదు. ఎవరూ అటు వెళ్ళరు. నాకైతే కాళ్ళు రావు. చీకటి పడకముందే విజిల్ వేస్తాను. వినగానే ఉన్నపళంగా వచ్చెయ్యండి."

మాస్టారు చూపించిన దారి పొడుగునా మంచు దిగుతూనే ఉంది. మధ్యాహ్నం భోజనాలై ఎంతోసేపు కాలేదు, అప్పుడే సాయంత్రం మొహం పెట్టింది ఆకాశం. మొదట్లో వెనకనుంచి రంపాల చప్పుడు, ఎవరో వేసిన జోకుకు ఎవరో నవ్వడం వినిపించాయి. ఒక వాలు దిగారు. చప్పుళ్ళు తగ్గాయి. తడి ఆకుల వాసన పోయి మరేదో వాసన తగిలింది. తుప్పు పట్టిన ఇనుము నాలుక మీద పెట్టుకున్నట్టు. పిన్ని కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పిల్ల మాత్రం దారి తెలిసినట్టు ముందు నడుస్తోంది.

పొద కనిపించింది. నిజంగానే పౌరుషం వచ్చినట్టుంది దానికి. పాత మొదలు చుట్టూ మణికట్టంత లావు కాండాలు గుండ్రంగా లేచి, తలలు బయటికి వంచి నిలబడ్డాయి. మధ్యలో అక్క కోసిన మొదలు. ఏడాది వానలకూ ఎండలకూ బూడిదరంగుకు తిరగాల్సిన కోత అది. తడితడిగా, ఎర్రగా, ఇందాకే కోసినట్టుంది.

పిన్ని ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా పిల్ల ముందు బింకం వదలకూడదని రంపం తీసి ఒక కాండం మీద పెట్టింది. అటూ ఇటూ నాలుగుసార్లు లాగేసరికి అది ఒరిగింది.

"పూయి తల్లీ."

పిల్ల బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడింది.

"పూయవే, ఆరిపోతే పట్టదు."

"పూస్తే మళ్ళీ రాదు కదా పిన్నీ."

"రాకూడదనే కదా పూసేది."

"మరి అమ్మ...?"

పిన్ని పిల్ల తల నిమరబోయింది. అప్పుడు వినిపించింది.

"పిచ్చుకా..."

చెట్ల వెనకనుంచి. సగం నవ్వు కలిసిన పిలుపు. ఆ పేరు పెట్టి అలా పిలిచేది ఒక్కరే. నిజం చెప్పుకోవాలంటే పిన్నికి ముందు భయం వేయలేదు. సంతోషం వేసింది. అక్కా అనబోయింది, నోరు తెరిచింది కూడా.

"పిచ్చుకా..."

ఈసారి ఎడమ పక్కనుంచి. అదే గొంతు. అదే సగం నవ్వు.

"పిచ్చుకా..."

వెనకనుంచి.

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది పిన్నికి. మంచులో పసుపు రంగు మెదిలింది. ఒక రెయిన్‌కోటు. దానికి కాస్త ఎడంగా ఇంకొకటి. చెట్టు మొదట్లో కూలబడి ఒకటి... చెయ్యి చాపి ఒకటి... అందరిదీ అక్క మొహమే. కానీ ఎంత సన్నగా ఉన్నారు. ఒక్కరికి సరిపోయే గుడ్డతో ఇంతమందికి కుట్టి సరిపెట్టినట్టు, ఒక్క అక్కనే అందరూ పంచుకున్నారు. అందరికీ తొడ దగ్గర కోటు చిరిగే ఉంది.

పిల్ల మొహం విప్పారింది. ఏడాదిగా చూడని నవ్వు.

"అమ్మా, నాకు కొత్త టీచర్ వచ్చింది. నా జడ నేనే వేసుకుంటున్నా. పిన్నికి బిగించి వేయడం రాదమ్మా. నువ్వు ఎందుకు ఇంత లేటు..." ఏడాది మాటలన్నీ ఒక్కసారిగా తన్నుకొస్తున్నాయి. మాట్లాడుతూనే పరుగు తీసింది.

"వెళ్ళకే."

పిన్ని దాని చెయ్యి పట్టి లాగింది. రెండో చేతిలో రంపం ఉన్న సంగతి మరిచిపోయింది. పిల్ల గింజుకుంది. రంపం పళ్ళు దాని చూపుడు వేలి మీదుగా జర్రున పోయాయి. పిల్ల కెవ్వుమంది. నెత్తురు బొటబొటా పిన్ని చొక్కా చేతి మీద, అక్కడినుంచి ఆ ఎర్రటి మొదలు మీద పడింది.

పసుపు కోట్లన్నీ కదలకుండా ఆగిపోయాయి. అన్ని తలలూ ఒక్కసారే ఇటు తిరిగాయి. పిల్ల వైపు కాదు. మొదలు వైపు.

మొదలు లోపల చిన్న చప్పుడు. ఎండిన నేల నీళ్ళు పీల్చుకునే చప్పుడు.

మందు... మందు పూయాలి. పిన్ని వంగి, పిల్ల చేతిలోంచి పడిపోయిన సీసా కోసం తడిమింది. కాలికి తగిలి ఎటో దొర్లిపోయింది. మంచు మొహం మీదికి వచ్చేసింది. తన చేతులే తనకు కనబడడం లేదు. ఆ తడుములాటలో పిల్ల చెయ్యి జారిపోయింది.

"తల్లీ... ఎక్కడున్నావే..." పిన్ని అరిచింది.

జవాబుగా చుట్టూ తడి ఆకుల మీద అడుగులు. మెల్లగా... దగ్గరగా...

"పిన్నీ."

మోచేతి పక్కనే. పిన్ని చెయ్యి చాపింది. చిన్న చెయ్యి అందింది. ఇంకేం చూడలేదు. రంపం, సీసా, సంచి అక్కడే వదిలేసి ఆ చెయ్యి పట్టుకుని వాలు ఎక్కింది. ముళ్ళు మొహం గీరుతున్నా ఆగలేదు. పైనుంచి మాస్టారి విజిల్ వినిపించింది. ఆ కూత వినగానే ఆమెకు ఏడుపొచ్చింది.

వ్యాన్‌లో లైటు వెలుగుతోంది. అందరూ ఎక్కి కూర్చుని, బూట్ల బురద దులుపుకుంటూ, నడుము నొప్పుల గురించి పోటీలు పడి చెప్పుకుంటున్నారు. ఆ మామూలు మాటలు వింటే పిన్నికి ప్రాణం లేచొచ్చింది. పిల్ల సీట్లో కూర్చోగానే "ఆకలేస్తోంది పిన్నీ" అంది. పక్కనున్నామె బిస్కెట్ ప్యాకెట్ ఇస్తే "ఇంకొకటి ఉందా?" అంది. అందరూ నవ్వారు. పిన్ని కూడా కళ్ళు తుడుచుకుని నవ్వింది. పిల్లకు నోరొచ్చింది. ఏం చూసిందో ఏం విన్నదో తర్వాత ఆలోచించుకోవచ్చు. పిల్ల తనకు దక్కింది, చాలు.

"అయ్యో, ఈ నెత్తురేంటమ్మా?" వాళ్ళలో ఒక నర్సు ఉంది. పిన్ని చొక్కా చెయ్యి చూసి ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెరిచింది.

"నాది కాదు, పిల్లది. చూపుడు వేలు. రంపం కోసుకుంది. బాగా లోతుగా తెగింది, చూడండి."

నర్సు పిల్ల కుడిచెయ్యి పట్టుకుని సీసాలో నీళ్ళతో బురద కడిగింది. తిప్పి చూసింది. ఎడమ చెయ్యి కూడా కడిగింది. లైటు దగ్గరికి పట్టి వేళ్ళన్నీ ఒక్కొక్కటే చూసింది.

"ఎక్కడమ్మా? గీత కూడా లేదే."

పిన్ని వంగి చూసింది. ఆమెకూ కనబడలేదు. చొక్కా చెయ్యి మాత్రం తడిగానే ఉంది. పిల్ల బిస్కెట్ నములుతూ ఆమె వంకే చూస్తోంది.

మాస్టారు ముందు సీటులోంచి వెనక్కి తిరిగాడు. "ఇంతకీ మందు పూశారా?"

పిన్ని కిటికీలోంచి వాలు వైపు చూసింది.

అప్పుడు చెట్ల వైపునుంచి సన్నగా వినిపించింది.

"పిన్నీ... రక్తం ఆగట్లేదు పిన్నీ..."

 ఎవరైనా మిగిలిపోయారా అని డ్రైవర్ అడిగాడు. పిన్ని తలుపు తోసి ఒక కాలు కింద పెట్టింది. పరిగెత్తబోయింది.

"పిన్నీ... రక్తం ఆగట్లేదు..."

ఇది ఇందాకటి చోటు నుంచి కాదు. గడ్డి నేల వైపునుంచి. అదే గొంతు, అదే వెక్కిళ్ళు.

ఇంకోసారి... దారి అవతలినుంచి.

పిన్ని ఒక కాలు నేల మీద, ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఎటు పరిగెత్తాలో తెలియక ఆ చీకట్లోకి చూస్తూ ఉండిపోయింది. వెనకనుంచి ఒక చిన్న చెయ్యి ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా లోపలికి లాగింది.

"తలుపు వేసెయ్ పిన్నీ. చలేస్తోంది."