క్లిప్పు లేని పెన్సిలు

"అన్నా, నీ పెన్ను వాపస్ తీస్కో. పైన మంచిగనే రాస్తది, బొగ్గు బాయిలకు దిగంగనే మొరాయిస్తది."

గోదావరిఖని బస్టాండు వెనక సందులో లేత్ మిషను ముందు నిలబడి ఉన్న వేణుమాధవ్‌కు ఈ మాటల్లో రెండు దెబ్బలు తగిలాయి. నల్లతుమ్మ చెక్కను లేత్ మీద తిప్పి, నునుపు తేల్చి చేసిన పెన్ను తిరిగి రావడం ఒకటి. దాన్ని తెచ్చిన అమ్మాయి తనను అన్నా అనడం రెండోది. మొదటిదాన్ని అతను తట్టుకోగలడు.

"ఎందుకు మొరాయిస్తది?"

"పైకప్పు కెల్లి నీళ్లు కారుతయి. కాయిదం తడుస్తది, ఇంకు పారుతది. గోడకు ఆనించి రాద్దామంటే ఇంకు దిగదు. మా సర్వే పనిల కొలత ఒక్కటి తప్పినా నక్ష మొత్తం తప్పుతది."

ఆమె పేరు సంధ్యారాణి. భూగర్భ గనిలో సర్వే విభాగానికి కొత్తగా వచ్చిన ట్రైనీ. ఆ గనిలోకి కొలతల కోసం దిగిన మొదటి ఆడపిల్ల కనుక, ఆమె పొరపాటు ఆమె ఒక్కదాని పొరపాటుగా మిగలదని ఆమెకు బాగా తెలుసు. ట్రైనింగు ముగిసేదాకా ఒక్క మెమో కూడా రాకూడదన్నది ఆమె పట్టుదల.

"మరి పెన్సిలు వాడరాదా?"

"చెక్క పెన్సిలైతే మొన ఇరుగుతది. బొగ్గు చేతులతోని చెక్కుకుంట కూసోవాల్నా? గిదే కట్టెతోని, నొక్కితే ములుకు బయటికొచ్చే పెన్సిలు చేస్తవా?"

చెక్క లోపల బిగించే పెన్సిలు విడిభాగాల కిట్లు అతని దగ్గర లేవు. ఉన్నవన్నీ హైదరాబాదు నుంచి తెప్పించుకున్న పెన్ను కిట్లే. ఆ మాట చెప్పాల్సిన చోట అతను ఆమె కళ్లలోకి చూశాడు. ఫలితంగా "చేస్త" అన్నాడు.

అన్నంత సులభం కాలేదు. పెన్నులో మెలితిప్పే మరను తీసేసి, ఆ ఇత్తడి గొట్టంలో ఓ పాత నొక్కుడు పెన్సిలు మరను దూర్చాడు. అయితే పెన్ను మొనకున్న రంధ్రం రీఫిల్లుకు సరిపడేది. ములుకుకు అది మరీ వెడల్పు. కనుక ములుకు ఊగింది. ఊగింది కనుక విరిగింది.

మళ్లీ ఆమె వచ్చేసరికి వాన దంచుతోంది. షేర్ ఆటో దిగి రేకుల కిందికి ఉరికొచ్చింది. జడ కొసనుంచి నీళ్లు లేత్ మీద పడుతుంటే అతను మిషను తుడవడం మరచిపోయాడు.

"అన్నా, అయ్యిందా?"

"ఆ అన్న అనుడు బంద్ పెడితె జల్ది అయితది."

"మరేమనాలె?"

"పేరు లేదా నాకు?"

"పెన్సిలు రాస్తె పేరుతోని పిలుస్త," అని ఆమె నవ్వింది.

ఆ రాత్రికే వేణు మొన లోపల ఇరికే సన్నని ఇత్తడి తొడుగును తరిగి బిగించాడు. ఆమె మర్నాడు వచ్చి నొక్కింది, రాసింది. ములుకు కదల్లేదు.

"వేణూ, రాస్తంది!" అంది.

న్యాయంగా కథ అక్కడితో ముగియాలి. మిగిలిన పని కొద్దిదే. పెన్నులో టోపీ కదలదు, క్లిప్పును అదే పట్టి ఉంచుతుంది. పెన్సిలులో టోపీ నొక్కుడుకు కదలాలి, కనుక క్లిప్పుకు వేరే ఉంగరం కావాలి. పూటలో అయ్యే పని. కానీ అది అయిపోతే ఆమె రాకపోకలూ అయిపోతాయి. అందువల్ల తాత్కాలికంగా టోపీ బదులు ఒక ఇత్తడి బొడిపె బిగించి, "క్లిప్పు ఇంక సెట్ అయితలేదు, ఎల్లుండి రా," అన్నాడు. ఎల్లుండి కూడా అదే మాట. ఆమె చాయ్ తాగి, బాయి ముచ్చట్లు చెప్పి పోయేది. వారాలు గడిచాయి.

ఒకనాడు ఆమె మొహం మాడ్చుకొని వచ్చింది. చెక్క పెన్సిలు విరిగి సగం కొలతలు మళ్లీ తీయాల్సి వచ్చిందట.

"ఇటియ్యి ఆ పెన్సిలు."

"క్లిప్పు..."

"రాసేది మొనతోనా, క్లిప్పుతోనా?"

ఆమె పెన్సిలు తీసుకొని వెళ్లిపోయింది.

మర్నాడు మొదటి షిఫ్టు. గనిలోకి దిగే ముందు ప్రతివాళ్లూ జేబుల్లోవి బల్ల మీద పెట్టాలి. బీడీ, అగ్గిపెట్టె, లైటరు లోపలికి పోకూడదు. నిప్పురవ్వ చాలు, గనిలో గాలి మండిపోవడానికి. అక్కడ తనిఖీ చేసే గట్టయ్య తన తమ్ముణ్ణి కూడా బీడీతో పట్టుకొని వెనక్కి పంపిన మనిషి.

"ఇదేంది బిడ్డా?"

"పెన్సిలు, కాకా."

"పెన్సిలుకు ఇత్తడి బొడిపెందుకు? క్లిప్పేది? ఇది లైటరు లెక్కుంది."

"కాదు కాకా, నొక్కి చూపిస్త..."

"నొక్కకు! బాయి మొగం కాడ నొక్కుడు లేదు. మేనేజర్ సారు ముంగట, చేసినోడే వచ్చి విప్పాలె."

లైటరని తేలితే మెమో కాదు, ఉద్యోగమే పోతుంది. సంధ్యారాణి వేణుకు ఫోన్ చేసింది. వేణు చేతికందిన పనిముట్లతో ఆఫీసులోకి ఉరికొచ్చి, తలుపు దగ్గరే నిలిచిపోయాడు.

"నువ్వెందుకొచ్చినవ్‌రా?" అన్నాడు గట్టయ్య.

"దాన్ని చేసింది నేనే, బాపూ."

కొడుకును తిట్టడానికి గట్టయ్య నోరు తెరిచి, ఉన్నది ఆఫీసని గుర్తొచ్చి మూశాడు.

వేణు తెల్లకాగితం మీద పెన్సిలును ముక్క ముక్కగా విప్పి పెట్టాడు: చెక్క, గొట్టం, మర, తొడుగు. మళ్లీ బిగించి నొక్కి గీత గీశాడు. మేనేజరు తలూపినా కలం కింద పెట్టలేదు.

"పెన్సిలే, ఒప్పుకున్నా. కానీ క్లిప్పు పెట్టి ఉంటే ఈ అనుమానమే వచ్చేది కాదు. ఎందుకు పెట్టలేదు? కారణం లేకపోతే నేను మెమో రాయాల్సిందే."

వేణు సంధ్యారాణి వైపు చూశాడు. ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి. ఇక దాచడానికి అతనికి మనసు రాలేదు.

"క్లిప్పు పెడితె పని అయిపోతది సార్. అయిపోతె ఆమె షాపుకు రాదు."

మేనేజరు కలం మెమో కాగితం మీదే ఆగింది.

"ఇది కూడ రాయాల్నా సార్?" అన్నాడు గట్టయ్య మెల్లగా.

మేనేజరు దగ్గు నటించి, మెమో కాగితాన్ని ఉండ చుట్టి బుట్టలో పడేశాడు. "ముందు దానికి క్లిప్పు పెట్టించండి."

వేణు జేబులోంచి ఉంగరం, క్లిప్పు తీశాడు.

"జేబుల్నే పెట్టుకొని తిరుగుతున్నవారా!" అని గట్టయ్య తల పట్టుకున్నాడు.

బయటికి రాగానే సంధ్యారాణి మండిపడింది. "నా నౌకరి మీదికి తెస్తవా? సక్కగ అడగనీకి నోరు లేదా?"

"అడిగితె కాదంటవని భయమైంది."

"బజార్ల నొక్కుడు పెన్సిళ్లు దొర్కవా? పిల్లగాండ్ల షాపులల్ల గంపలకు గంపలున్నయి. గా మాత్రం తెల్వకనే నీ షాపు చుట్టు తిరిగిన్నా?"

తన ఆలస్యానికి కారణం వేణుకు తెలుసు గానీ, ఆమె ఓపికకు కారణమేమిటని అతను ఒక్కనాడూ ఆలోచించలేదు.

లోపలి నుంచి గట్టయ్య కేకేశాడు. "బిడ్డా, షిఫ్టుకు లేటయితంది! మీ నాయిన సదయ్య ఇంటి కాడ ఎప్పుడుంటడో చెప్పి దిగు. నేనూ, వీళ్లమ్మా వస్తం."

"ఐతారం ఉంటడు కాకా!" అని ఆమె సిగ్గును తలమీది దీపం సర్దుకోవడంలో దాచుకుంది. పెన్సిలును జేబుకు తగిలించుకొని గని వైపు నడిచింది.

"పని అయిపోయినట్టేనా?" అన్నాడు వేణు వెనకనుంచి.

"అయిపోయింది." నాలుగడుగులేసి వెనక్కి తిరిగింది. "రేపు సాయంత్రం వస్త."

"ఏం పని మీద?"

"పనేం లేదు," అంది సంధ్యారాణి.