పాలిస్టర్ పడవ

“మామా!” అని నరేశ్ పిలవగానే రాజయ్య చేతిలో చెక్క చెక్కుతున్న బాడిస ఆగిపోయింది.

“ఎవడ్రా నీకు మామ?”

మంథని దగ్గర గోదావరి ఒడ్డున కొయ్య పడవలు చేసే రాజయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన కూతురు నవ్యశ్రీ మీద మనసు పడ్డ నరేశేమో సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే కుర్రాడు. మనిషి మంచివాడే, నోరే కాస్త ముందు పరుగెడుతుంది.

“పడవ చేసుడు రానోనికి పిల్లనియ్య. ఒక్కనివే ఒకటి చేసి నా బిడ్డను అవతలి ఒడ్డుకు తీస్కపో. మునిగితే మళ్ల గీ దిక్కు రావద్దు.”

నరేశ్ వేసవంతా చెక్కలు కోశాడు, మేకులు కొట్టాడు, వేళ్లు చితక్కొట్టుకున్నాడు. చివరికి పలకల సందుల్లో దారం కుక్కే పని మిగిలింది. రాజయ్య ఆ పనికి ఇచ్చిన ముతక నూలు దారం చూస్తే అతనికి జాలేసింది. సిరిసిల్ల నుంచి మెరిసే దారపు కండెలు తెప్పించి, గట్టిగా దట్టించి, పైన తారు పూసేశాడు.

నది మధ్యకు వెళ్లేసరికి నవ్యశ్రీ పాదాలు తడిశాయి.

“నీళ్లొస్తున్నయ్!”

“కొత్త పడవ గదా, జర చెమట పడ్తది.”

“మోకాళ్ల దాకనా? సందులల్ల ఏం పెట్టినవ్?”

“ఫస్ట్ క్వాలిటీ పాలిస్టర్! నానదు, ఉబ్బదు!”

నవ్యశ్రీ నెత్తి కొట్టుకుంది. “ఉబ్బాలె! నూలు నానితే ఉబ్బుతది, అప్పుడే సందు మూసుకుంటది.”

“మా కాడ ఉబ్బితే మాల్ వాపస్ పంపుతరు!”

ఆమె నూలు చున్నీ చింపి సందుల్లో కుక్కింది. సాయంగా అతను చొక్కా విప్పబోయాడు.

“ఉండనియ్యి, అది గూడ పాలిస్టరే. ఈత వస్తదా?”

“రాదు.”

“రాకనే ఎక్కినవా?”

“నువ్వు ఎక్కినవ్ గదా!”

నవ్యశ్రీకి కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. అంతలో పడవ మెల్లగా నీళ్లలోకి దిగిపోయింది. వెనకే వస్తున్న రాజయ్య ఇద్దరినీ తన పడవలోకి లాగాడు.

నరేశ్ తలెత్తలేకపోయాడు. ఆమెను ఇక చూడనేమోనని దిగులుపడ్డాడు.

రాజయ్య కూతురి వైపు తిరిగాడు. “చేప లెక్క ఈదుతవ్ గదనే! మునుగుతుంటే ఒడ్డుకు రాక గీన్ని పట్టుకోని ఎందుకున్నవ్?”

“ఆయినకు ఈత రాదు బాపు.”

ఆ మాటతో పెద్దాయన కోపం చప్పున చల్లారింది. తెడ్డు వేస్తూ నరేశ్ వైపు తిరిగాడు.

“ఈత రానోనికి పిల్లనిచ్చి, దినాం ఒడ్డు మీద నేను కావలి కూసోవాల్నా? ముందుగాల ఈత నేర్సుకో. శ్రావణంల లగ్గం పెట్టుకుందాం.”

నరేశ్ సంతోషం పట్టలేక ఎగిరి గంతేశాడు. సరాసరి గోదావరిలో పడ్డాడు.

మామ కాలర్ పట్టుకున్నాడు, పెళ్లికూతురు జుట్టు పట్టుకుంది.