మూడు రాళ్ల మలుపు

మూడు రాళ్ల మలుపు దగ్గర కూర్చోకూడదు.

బెంగెట్ కొండల్లో వంద కిలోమీటర్ల పందెం పరిగెత్తేవాళ్లు ఎవరైనా ముందు ఈ మాటే చెబుతారు. నీళ్లు తాగు, ఉప్పు నాకు, ఏడుపొస్తే ఏడువు... అక్కడ మాత్రం కూర్చోకు.

ఆ చోటికి ఈ చెడ్డపేరు డెల్ఫిన్ వల్ల వచ్చింది. పెర్లాకి అతను పిన్ని కొడుకు, తమ్ముడు. రెండేళ్ల కిందట ఇద్దరూ కలిసే పరిగెత్తారు. రాత్రి, ఒకటే వాన. డెల్ఫిన్ కుడిబూటు అడుగు ఊడొస్తే తాడుతో కట్టుకున్నాడు. టక్... టప్, టక్... టప్ అంటూ నడిచి నడిచి, ఆ రాళ్ల దగ్గర కూలబడ్డాడు.

“అక్కా, నువ్వు పద. ఐదు నిమిషాల్లో నీ వెనకే ఉంటా.”

గడువు దాటితే పందెంలోంచి తీసేస్తారు. పెర్లా వెళ్లిపోయింది. తెల్లారేసరికి అతను చలికి కొయ్యబారిపోయి అక్కడే ఉన్నాడు.

ఆ కొండల్లో ఓ పద్ధతుంది. అడవిలో పడినా, చతికిలబడినా, లేచేటప్పుడు ఎవరి పేరుతో వాళ్లే పిలుచుకోవాలి — ‘ఫలానా, రా, పోదాం, ఇక్కడ ఉండిపోకు’ అని. లేవలేనివాణ్ని మోసుకెళ్లేవాళ్లు పిలవాలి. లేదంటే ఒళ్లు ఇంటికొస్తుంది, ప్రాణం అక్కడే ఉండిపోతుంది. డెల్ఫిన్‌ని మోసుకొచ్చినవాళ్లు ఆ వానలో ఈ మాటే మరిచారు.

“శవాన్ని తెచ్చారు. నా కొడుకుని తేలేదు,” అంది పిన్ని సమాధి దగ్గర. ఆ తర్వాత పెర్లాతో మాటే మానేసింది.

అందుకే ఈ ఏడు పెర్లా మళ్లీ పందేనికి దిగింది. తమ్ముణ్ని పిలిచి తెచ్చుకోవాలి, పిన్నికి అప్పగించాలి. అదొక్కటే ఆమె పంతం.

మలుపు చేరేసరికి రాత్రి రెండు. కాళ్లు ఎప్పుడో మొద్దుబారాయి. మంచు కమ్మేసి, తలకు కట్టుకున్న లైటు జానెడు దూరం కూడా చూపడం లేదు. నాచు మీద కాలు జారింది... తల రాయికి కొట్టుకుంది.

ఎంతసేపు అలా ఉండిపోయిందో తెలీదు. ఉలిక్కిపడి లేచి, పిలిచింది.

“డెల్ఫిన్... రా, పోదాం. ఇక్కడ ఉండిపోకు.”

అంతే — దిగుడు దారి పట్టి పరుగందుకుంది.

కాసేపటికి వెనకాల...

టక్... టప్.

టక్... టప్.

భయం వేసింది. భయాన్ని మించి ఏడుపొచ్చింది. వస్తున్నాడు! వెనక్కి తిరిగి చూసే ధైర్యం మాత్రం లేకపోయింది. ఆ దిగుడంతా ఆమె కాళ్లకు నొప్పే తెలియలేదు.

కింద, పందెంవాళ్లు ఆగే డేరాలో ఎవరో అవ్వ అల్లంటీ కాస్తోంది. పెర్లా ఎరగని మనిషి. ఆమె ఓ గ్లాసు నింపింది. ఆగి, రెండోది కూడా నింపింది.

“ఆ అబ్బాయిని లోపలికి రమ్మనవే. వణికిపోతున్నాడు. బూటు కూడా ఊడిపోయింది, పాపం.”

పెర్లా భోరుమంది. “మా తమ్ముడవ్వా... మూడు రాళ్ల దగ్గర పడి లేచి, పిలుచుకొచ్చాను.”

అవ్వ చేతిలో గరిటె ఆగింది.

“పడ్డావా? వాణ్ని పిలిచావు, సరే.” గొంతు బాగా తగ్గించింది. “మరి నిన్ను నువ్వు పిలుచుకున్నావా?”

పెర్లా తల అడ్డంగా ఊపింది.

అవ్వ కొండ వైపు చెయ్యి చూపింది. పైన, మంచులో, ఒక లైటు. అటూ ఇటూ తిరుగుతోంది... దారి వెతుక్కుంటున్నట్టు.

పెర్లా నుదురు తడుముకుంది. లైటు లేదు. పడ్డప్పుడు ఊడిపోయి ఉంటుంది, అనుకుంది. కానీ అది కదులుతోంది కదా...

“చూస్తావేంటే? పిలువ్! పేరు పెట్టి పిలువ్, ఇప్పుడే!”

పెర్లా నోరు తెరిచింది.

తన పేరు... గుర్తు రాలేదు.