తువ్వాళ్లావిడ సంచి

డిటెక్టివ్ నడుంనొప్పి తగ్గించుకుందామని ఆ వేడినీటి బుగ్గకు వచ్చాడు. వెదురు గదులు, ఆకుల కప్పు, ఊపిరి పీలిస్తే గంధకం వాసన. ఇక్కడ పని మాటే ఎత్తనని అసిస్టెంటుకు ఒట్టేశాడు.

వచ్చిన రోజే కొలనులో అసిస్టెంటు వెండి ఉంగరం బొగ్గులా నల్లబడింది. వాడి మొహం చూసి, స్నానాల దగ్గర తువ్వాళ్లు అందించే ఆవిడ నవ్వింది. “వెండి ఏదైనా అంతే బాబూ. బంగారానికేం కాదు.” వసారాలో ఉన్నవాళ్లంతా విన్నారు.

మర్నాడు పొద్దున డిటెక్టివ్ ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాల్సి వచ్చింది. పక్క గదిలో దిగిన లైబ్రేరియన్ తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చింది.

“మా అమ్మ గొలుసు పోయిందండీ! బట్టలు మార్చుకునే గదిలో మేకుకు తగిలించి నీళ్లలోకి దిగా. వచ్చేసరికి లేదు.”

“గదిలోకి ఎవరెళ్లారు?”

“తువ్వాళ్లావిడ ఒక్కతే,” అన్నాడు వెనకే వచ్చిన ఆమె అన్నయ్య. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. “నేను వసారాలోనే ఉన్నాగా, చూశాను.”

గొలుసు దొరక్కపోతే ఆవిడని ఈ పూటే పనిలోంచి తీసేస్తానన్నాడు మేనేజరు. పన్నెండేళ్ల పని. అసిస్టెంటు మహా ఉత్సాహంగా ఆవిడ సంచి తెచ్చి అందరి ముందూ బల్ల మీద బోర్లించాడు. డిటెక్టివ్ వద్దనలేదు. దువ్వెన, పొడిబట్టలు, టిఫిన్ డబ్బా. చివరగా ఒక మూట విడిపోయి, అతిథులు వాడి వదిలేసిన సబ్బుముక్కలు రంగురంగులవి బల్లంతా దొర్లాయి. ఎవరో కిసుక్కున నవ్వారు.

“పారేసినవేనండీ,” అంది ఆవిడ, ఎవరూ అడక్కుండానే. తల మాత్రం ఎత్తలేదు.

డిటెక్టివ్ బట్టల గదికి వెళ్లాడు. మేకు కింద, రాతి నేలలో, బుగ్గ నీళ్లు పారే చిన్న కాలువ ఉంది. అందులో చెయ్యి పెట్టి చిన్న కొక్కెం ఒకటి తీశాడు.

“ఇది మీ గొలుసుదేనా?”

“ఆకారం అదేనండీ,” అంది లైబ్రేరియన్. “కానీ ఇది నల్లగా ఉందే?”

“అసలు గొలుసు ఎందుకు తీశారు? బంగారానికేం కాదన్నారుగా.”

“నేను తీసేదాకా అన్నయ్యే ఊరుకోలేదండీ, కొక్కెం వదులుగా ఉందని. ఈ పూటకి విన్నా. రేపు మాత్రం వేసుకునే దిగుతానన్నా. అమ్మ ఎప్పుడూ మెడలోంచి తీసేది కాదు.”

“ఆ గొలుసు మీ చేతికి ఎవరిచ్చారు?”

“అమ్మ పోయాక నగలు పంచింది అన్నయ్యేగా.”

గంట తర్వాత అందరూ వసారాలో చేరారు. డిటెక్టివ్ అసిస్టెంటు ఉంగరాన్నీ కొక్కేన్నీ పక్కపక్కన పెట్టాడు. రెండూ ఒకే నలుపు.

“కంగారులో మేకు నుంచి లాగితే కొక్కెం ఊడి కాలువలో పడింది. పూత అరిగిపోయిన చోట వెండి బయటపడి, ఈ నీళ్లకు నల్లబడింది. అంటే ఇది బంగారు గొలుసు కాదు. అది బంగారమనుకునే దొంగ ఎప్పుడైనా తీయొచ్చు. రేపటి స్నానంలోపే మాయం చేయాల్సిన అవసరం, అది వెండని తెలిసిన మనిషికే ఉంటుంది. మాస్టారూ, అసలుది ఎవరి దగ్గరుంది?”

హెడ్మాస్టరు కళ్లజోడు పెట్టె తెరిచాడు. అద్దాల కింద గొలుసు.

“అసలుది మా ఆవిడ మెడలో ఉంది,” అన్నాడు. “ఇది అచ్చం దానిలా ఉండేట్టు వెండితో చేయించాను. నలభై ఏళ్లు పిల్లలకి అబద్ధం ఆడొద్దని చెప్పాను, చెల్లీ...”

చెల్లెలు ఆయన వైపు చూడలేదు. గొలుసునూ ముట్టుకోలేదు.

“గురువుగారూ, భలే పట్టేశారు!” అన్నాడు అసిస్టెంటు. డిటెక్టివ్‌కు ఆ మెచ్చుకోలు చెంపదెబ్బలా తగిలింది. పొద్దున ఆ సంచి బోర్లిస్తుంటే ఒక్కమాట అని ఆపలేకపోయాడు.

“మీ తప్పేం లేదు, పనిలోకి వెళ్లమ్మా,” అన్నాడు మేనేజరు.

తువ్వాళ్లావిడ కదల్లేదు. ఖాళీ సంచి బల్ల మీద పెట్టింది.

“తీసినవాళ్లే సర్దండి.”

లైబ్రేరియన్ ముందుకొచ్చి బట్టలు మడతపెట్టింది. అసిస్టెంటు ఎర్రబడ్డ మొహంతో దువ్వెన, డబ్బా లోపల పెట్టాడు. నడుం వంచలేని డిటెక్టివ్ నేల మీద మోకరిల్లి, బల్ల కిందకు దొర్లిన సబ్బుముక్కలు ఒక్కొక్కటే ఏరాడు.

“ఇంకోటుంది,” అంది ఆవిడ. “ఆ పచ్చది.”