చేతిలో ఆగిన మోత

మార్కాపురంలో ప్రైవేటు డిటెక్టివ్ అంటే జనం ముందు నవ్వుతారు, ఆ తర్వాత పెళ్లి సంబంధాల వాకబుకి వస్తారు. మల్లికార్జునరావు ఆ నవ్వుకి ఎప్పుడో అలవాటు పడ్డాడు. ఆయన దగ్గర పనిచేసే హైమావతికి మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆమె దృష్టిలో అంత చురుకైన కళ్లున్న మనిషి ఒంగోలు దాకా వెతికినా దొరకడు.

ఆ బుధవారం పొద్దున్నే వచ్చిన ఆశీర్వాదం నవ్వలేదు. ఊళ్లోని ఒక చిన్న ఆసుపత్రిలో అతను డయాలసిస్ టెక్నీషియన్. కుర్చీ అంచు మీద కూర్చుని చేతులు నలుపుకున్నాడు.

"సార్, శుక్రవారం నన్ను పన్లోంచి తీసేస్తారంట. పోతే పోనీ. నరసమ్మవ్వ చేతిలో మోత ఆగిపోతాంది సార్. అది ఆగితే ఆమెకి ఇంగ దారి లేదు."

"మోత ఏంది?" అంది హైమావతి.

"కిడ్నీలు పోయినోళ్ల రక్తాన్ని మిషన్లోకి తీసి, కడిగి మళ్లా ఒంట్లోకి పంపాల గదక్కా. దానికి మామూలు నరం చాలదు. చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుడతారు. ఫిస్టులా అంటారు. వేలు పెడితే తుమ్మెద మాదిరి జుమ్మంటది. అది మోగినంత కాలం ఆ మనిషికి దారి ఉన్నట్టు."

నరసమ్మది తర్లుపాడు దగ్గర పల్లె. ఆమె ఎడమచేతి ఫిస్టులా రెండు నెలల కిందట గడ్డకట్టి మూసుకుపోయింది. మెడకి గొట్టం వేసి పని నడిపిస్తూ, కుడిచేతికి కొత్తది కుట్టారు. ఆ ముసలి ఒంట్లో పనికొచ్చే నరం అదే చివరిదని సర్జన్ ముందే చెప్పాడు. మొన్న సోమవారం డయాలసిస్ మధ్యలో ఆమెకి బీపీ పడిపోయింది, కొత్త చేతిలోనూ మోత సన్నగిల్లింది. ఆశీర్వాదం ఆ చేతికే బీపీ పట్టీ బిగించి నరాన్ని నొక్కేశాడని ఆమె కొడుకు కోటేశ్వర్లు వార్డు దద్దరిల్లేలా అరిచాడు.

"బిగించినావా?" అన్నాడు మల్లికార్జునరావు.

"నా బిడ్డల మీద ఒట్టు సార్. ఎప్పుడూ కాలికే కడతా. మూడు నెలల్నుంచీ ఆమెకి ఇట్లనే బీపీ పడిపోతాంది. పిక్కలు పట్టేసినా అవ్వ పంటి బిగువున ఓర్చుకుంటది."

మల్లికార్జునరావు లేచి కండువా భుజాన వేసుకున్నాడు.

నరసమ్మ ఆసుపత్రికి సోమ, శుక్రవారాల్లోనే వస్తుంది. ఆమె పక్క మంచం అంకయ్య మాత్రం ఆ రోజు కూడా ఉన్నాడు. అడగకముందే సాక్ష్యం చెప్పాడు. "ఆ పిలగాడు కాలికే కట్టినాడు. పోయింది నా కిడ్నీలు సార్, కళ్లు కాదు."

డాక్టరమ్మ విసుగ్గా ఉంది. "ఆమె వచ్చేటప్పుడు నలభైమూడు కిలోలు ఉంటోంది. నీరు తీసి నలభైకి దించాలి. అంటే మూడు లీటర్లు లాగాలి. సగంలోనే బీపీ పడిపోతుంది, ఆపేసి సెలైన్ ఎక్కిస్తాం. నీళ్లు తగ్గించమ్మా అని మొత్తుకుంటున్నా, వింటేగా!"

"ఆమె ఏమంటుంది?"

"తల వంచుకుని తిట్లు తింటుంది."

ఆయన బరువు తూచే కాటా దగ్గర వంగి, కాళ్లు పెట్టే చోట వేలు రాసి చూసుకున్నాడు. వేలికి బూడిదరంగు పొడి అంటింది. ఊడవలేదేమో అనుకుంది హైమావతి.

మధ్యాహ్నం బస్సులో పల్లెకి వెళ్లారు. ఆ చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ ఉన్నట్టే నరసమ్మ ఇంటి ప్రహరీ కూడా విరిగిన పలక రాళ్లు పేర్చి కట్టిందే. కోటేశ్వర్లు వాకిట్లోనే అందుకున్నాడు.

"వాని తరపున వచ్చినారా? మా అమ్మ చెయ్యి చంపినాడు సార్ వాడు!"

"మీ అమ్మ నీళ్లెక్కువ తాగుతుందంట గదప్పా?"

"ఎవరు చెప్పినారు? రోజు మొత్తానికి చెంబుడు దాటదు. నేనే కొలిచి పోస్తా. దినామూ గుడ్డు తెల్లసొన నా చేత్తో తినిపిస్తా. మూడు నెలల కింద నలభైఒకటి ఉండె, ఇప్పుడు నలభైమూడు. కండ పడతాంది సార్." అతని గొంతు తగ్గింది. "మా నాయన పలకల గనిలో దుమ్ము పీల్చి పోయినాడు. ఆసుపత్రి కాటా మీద వారం వారం తగ్గుకుంటా తగ్గుకుంటా పోయినాడు."

లోపల నరసమ్మ నులకమంచం మీద ఒదిగి కూర్చుని ఉంది. రెండు చేతులూ చాపమంటే చాపింది. నరాన్ని నొక్కేసే బిగుతు గాజు గుర్తు లేదు, తాయెత్తు తాడు ఒరుపు లేదు. రవికకి మాత్రం రెండువైపులా కొత్తగా లోపలికి కుట్లు వేసి ఉన్నాయి. చిలక్కొయ్యకి ఉబ్బిన వక్కాకు సంచి ఒకటి వేలాడుతోంది.

"అవ్వా, వక్కాకు వేస్తావా?" అన్నాడు మల్లికార్జునరావు.

"మాని రెండేండ్లాయ నాయనా. డాక్టరమ్మ ఒద్దనె." పాలిపోయిన పెదవులు తడుపుకుంది ఆమె.

తిరుగు బస్సులో హైమావతి ఆగలేకపోయింది. "ఆశీర్వాదం కాదు. మరి ఎవరు సార్?"

"రవిక వదులై కుట్లు వేసుకుంది. కాటా మీద బరువేమో పెరిగింది. రెండూ ఎట్ల నిజమవుతాయి హైమా?" అని ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆమెకి మార్కాపురం వచ్చేదాకా జవాబు తట్టలేదు, చెప్పమని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

శుక్రవారం పొద్దున మిషన్ పెట్టకముందే ఆయన అందర్నీ కాటా దగ్గరికి పిలిపించాడు. డాక్టరమ్మ, ఆశీర్వాదం, మొహం ముడుచుకున్న కోటేశ్వర్లు వచ్చారు. ఏ మాట వినపడకుండా పోతుందోనని అంకయ్య మంచం మీదే లేచి కూర్చున్నాడు. నరసమ్మ కాటా ఎక్కింది. నలభైమూడు.

మల్లికార్జునరావు ఆమె కాళ్ల దగ్గర నేల మీద చతికిలబడ్డాడు. "అవ్వా, నోరు చప్పగా ఉంది. ఒక ఆకు పెట్టవూ?"

నరసమ్మ చెయ్యి చటుక్కున రొండిన దోపిన సంచి మీదికి పోయింది.

"ఆకు లేదు నాయనా," అంది చివరికి.

"తెలుసవ్వా. ఉన్నది ఇయ్యి."

ఆమె సంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. అందులో ఉన్నవి అరచేతంత పలక ముక్కలు, ప్రహరీ లోంచి తీసినవి. కాటా మీద రాలిన బూడిదరంగు పొడి వాటిదే. కాటా ముల్లు నలభైన్నర దగ్గర ఆగింది.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఈ కాటా మీద అంకె ఒకటే. కొడుకు అది కండ అనుకున్నాడు. డాక్టరమ్మ నీరు అనుకుంది. ఆమెలోంచి తీయాల్సింది అర లీటరు. మిషన్ మూడు లీటర్లు లాగబోయింది. ఒంట్లో ఉండాల్సిన నీరు పోతే బీపీ పడుతుంది, నరంలో రక్తం మందగించి గడ్డకడుతుంది. ఎడమచెయ్యి అట్లనే పోయింది. పట్టీ ఎవరూ బిగించలేదు."

"సంచితో సహా తూచింది నేనే సార్," అన్నాడు ఆశీర్వాదం తల దించుకుని. "పెద్దామె, నడుముకున్న సంచి తియ్యమని ఎట్ల అడిగేది?"

"ఎందుకమ్మా?" అన్నాడు కోటేశ్వర్లు. "ఎందుకు చేసినావమ్మా ఇట్ల?"

నరసమ్మ కొడుకు వైపు చూడలేదు. "నలభైఒకటని చెప్పిన దినం నువ్వు ఈ ఆసుపత్రి గోడకానుకొని ఏడిస్తివి. రెండు పూటలు కూడు ముట్టలేదు. మీ నాయన మాదిరే నేనూ పోతానని బయపడితివి. ఒక ముక్క ఏస్తే నవ్వినావు. ఇంగోటి ఏసినా. డాక్టరమ్మ తిడితే తిట్టె, నువ్వు తింటివి గదా."

హైమావతి కళ్లు తుడుచుకోవడం దాచుకోలేదు. కోటేశ్వర్లు వెళ్లి ఆశీర్వాదం రెండు చేతులూ పట్టుకున్నాడు. డాక్టరమ్మ పాత కాగితం పక్కన పెట్టి నరసమ్మని మొదటినుంచీ పరీక్షించింది. ఆ రోజు మిషన్ అర లీటరే తీసింది. నాలుగు గంటలూ బీపీ నిలబడింది, పిక్కలు పట్టలేదు.

ఆశీర్వాదం ఆమె కుడిచెయ్యి తడిమి, కొడుకు వేళ్లు తీసి అక్కడ ఆనించాడు.

"మోగుతాందమ్మా. సన్నగా మోగుతాంది."

"వచ్చేతూరి తక్కువ చూపిస్తే ఏడవవు గదా?" అంది నరసమ్మ.

"ఏడుస్తానమ్మా. ఏడ్చి అన్నం తింటా. నువ్వు మాత్రం సంచి ఇంట్లో పెట్టి రా."