రేవు కట్టిన రోజు

కుర్చీ మీద పచ్చలైటు వెలిగింది. వారానికోసారి గంటసేపు అందులో కూర్చుంటే ఒంట్లో ప్రతి సెల్‌కీ వయసు ఏడు రోజులు వెనక్కి జరుగుతుంది. మానేశారా, ఆపుకున్న వయసంతా నలభై రోజుల్లో మీద పడి ప్రాణం తీస్తుంది. యంత్రం సంగతి ఇంతే.

కూర్చున్నవాడు బంగారయ్య. గాజుకివతల పళ్లు నూరుతున్నవాడు నూకన్న. కొత్తరేవులో ఇద్దరూ ఒకే ఏడు పుట్టి, పోటాపోటీగా పడవలు చెక్కినవాళ్లే. నూకన్నకిప్పుడు ఎనభై ఒకటి, పైగా గుండెజబ్బు. బంగారయ్య నలభై దగ్గరే ఆగిపోయాడు.

"తాతా, మీరూ కూర్చోండి. లేకపోతే మీ గుండె రెండు నెలలు మించి ఆడదు," అంది డాక్టర్ సుగుణ.

"ఆడు కూకున్న కుర్సీలో నాను కూకోను డాక్టరమ్మా. నాను పోతే రేవు కడతారు. మరాడికో?"

పడవలు చెక్కినవాడు పోయిన రోజు ఒక్క పడవ నీళ్లలో దిగదు. దాన్ని రేవు కట్టడమంటారు. ఏడాదికి ఒక్కరికే ఆ మర్యాద; అదే ఏడు రెండోవాడు పోతే చేపలవేట ఆగదు.

బంగారయ్య లేచి వచ్చాడు.

"ఏరా నూకా, ఇంకా ఉన్నావా?"

"ఉన్నాన్రా. నీలాగ ఉండిపోను గదా!"

బంగారయ్య మొహం మాడింది. "నీకాడ పని నేర్సుకోడానికి కుర్రోళ్లు ఎగబడతన్నారంట?"

"పోతానని బయం. నువ్వెక్కడికి పోతావు? రేపొచ్చి నేర్సుకుంటారులే."

మరుసటి వారం కుర్చీ ఖాళీ. నలభయ్యో రోజున, జుట్టు ముగ్గుబుట్టలా నెరిసి, బోసినోటితో నవ్వుతూ బంగారయ్య పోయాడు. రెండు వందల పడవలు ఇసుక మీద బారులు తీరాయి. ఊరు ఊరంతా పాడె వెనక నడిచింది.

నూకన్న ఆ పడవల్ని చూసి గుండె పట్టుకున్నాడు. "నా రేవు దోసుకుపోయాడమ్మా! ఏడాది బతకాల. ఏదీ, ఆ కుర్సీ?"

ఏడాది తిరిగింది. "ఇక ఆపేద్దామా తాతా?" అంది సుగుణ.

"వొద్దొద్దు. ఈదవతల పడవలు సెక్కే సిమ్మన్న ఆయాసపడతన్నాడంట. ముందు ఆడి సంగతి తేలనీ."

సింహన్న పోయాడు. మరుసటేడు ఇంకొకరు దగ్గారు.

అది జరిగి అరవై ఏళ్లు. పని నేర్చుకుందామని వచ్చిన కుర్రాళ్లు, తాతెక్కడికి పోతాడులే, రేపు చూద్దామనుకున్నారు. పడవలు మెషీన్లే చేస్తున్నాయి. రేవు కట్టడమంటే ఏమిటో ఇప్పుడు డాక్టరుగా ఉన్న సుగుణ మనవరాలు కూడా నూకన్న నోటే వింది.

నూకన్న ఇంకా వారంవారం కూర్చునే ఆ కుర్చీలోంచి చూస్తే కిటికీలో సముద్రం కనిపిస్తుంది. పడవలన్నీ నీళ్లలోనే ఉన్నాయి.